చెరిగినవాళ్లదే పొట్టు

మార్కాపురంలో, కంభం రోడ్డు మీది కందిపప్పు మిల్లులో, ఆ ఉదయం హాజరైనవారు వరుసగా వీరు: అరుగు మీద యజమాని ఆదిశేషు, అతని పక్కన పొట్టు కొనే కాంట్రాక్టరు ఆనంద్ బాబు, మెట్ల కింద వాచ్‌మన్, అతనికెదురుగా ఎలీషబా, ఆమె వెనుక ఆమెతో పాటు పప్పు చెరిగే ఆడవాళ్లు, అందరికంటే వెనుక, గేటు బయట మేకలను అదిలిస్తూ కొండమ్మ.

వాచ్‌మన్ ఎలీషబా చేతిలోని గోతాం లాక్కుని, అందులోని కందిపొట్టును నేల మీద కుమ్మరించాడు.

“దొంగతనమంటే ఇదే,” అన్నాడు ఆదిశేషు.

“దొంగతనమేందన్నా? ఊడ్పుకు కూలి అడిగితే, పొట్టు పట్టుకపోండి, అదే కూలి అన్నది నువ్వు కాదా?” అంది ఎలీషబా.

“అప్పుడది చెత్త. ఇప్పుడు దాన్ని పీచు పొడి చేసి షుగరోళ్ల బిస్కెట్లలో కలుపుతున్నారు. ఒంటికి మంచిదంట.”

“మా మేకలు ఎప్పుడో చెప్పినాయి నాయనా,” అంది కొండమ్మ. “వాటి మాట ఎవురు విన్నారు?”

అందరూ నవ్వారు. ఎలీషబా నవ్వలేదు. గడ్డిపరక దొరకని ఆ ఎండల్లో ఆమె రెండు మేకలకు ఆ గోతామే మేత. వాటి పాలతోనే తల్లి లేని మనవరాలు పెరుగుతోంది. పొట్టు అందకపోతే వాటిని కోతకు అమ్ముకోవలసిందే.

సాయంత్రం చెరిగే ఆడవాళ్లంతా చర్చి వసారాలో కూర్చుని, వాదులాడుకుని, పని ఆపాలని నిశ్చయించారు. మరునాడు మధ్యాహ్నం చేటలు బోర్లించి బయటికి నడిచారు. అయితే గింజ పడిన చోటు ఊడ్వకుండా లేస్తే అరిష్టమని వారి నమ్మకం. అందుచేత నడిచే ముందు నేలంతా శుభ్రంగా ఊడ్చి, పొట్టును విడిగా గుట్ట పోసి మరీ నడిచారు. ఆనంద్ బాబు లారీ వచ్చింది, ఆ గుట్టను తేరగా ఎత్తుకుని పోయింది.

“సమ్మె చేసినామా, వానికి సేవ చేసినామా చిన్నమ్మా?” అని చెరిగేవాళ్లలో చిన్నదైన గ్రేస్ తల బాదుకుంది.

ఎలీషబాకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

తరువాతి సరుకుకు ఆదిశేషు కబురు పంపితే అందరూ వెళ్లారు. చెరిగారు, గుట్ట పోశారు. లారీ గేటు దాటి లోపలికి రాగానే ఎలీషబా ఊడ్చిన మన్నును చేట నిండా ఎత్తి ఆ గుట్ట మీద చల్లింది.

“ఏందమ్మా ఇది? తినే సరుకది,” అన్నాడు ఆనంద్ బాబు.

“ఇది కూలియ్యని ఊడ్పు. మాకు చెత్త అని ఇచ్చినారు గదా, మీరూ చెత్తగానే పట్టుకపోండి.”

ఒకరి వెనుక ఒకరు చేటలెత్తారు. లారీ ఖాళీగా వెనుదిరిగింది.

పోలీసులు వచ్చి, మొదట చల్లింది ఎవరని అడిగారు. “నేను” అని అందరూ అన్నారు, చేటే లేని కొండమ్మతో సహా.

“ఆ చేట నాది,” అని ఎలీషబా జీపెక్కింది. చేటలు పట్టుకుని మిగిలినవారు దాని వెనుకే స్టేషనుకు నడిచారు. మిల్లులో ఊడ్చేవారు లేక నేల అట్లాగే పడి ఉంది.

స్టేషనులో ఎవరెన్ని విధాలుగా చెప్పినా, మొదటి చేటెడు మన్ను చల్లినది ఎలీషబాయే. ఆ కార్యం ఆమెదేనని, అందుకు చెరిగే స్త్రీలందరూ ఆమెకు రుణపడి ఉన్నారని ఇందుమూలంగా సగౌరవంగా నమోదు చేయడమైనది.