లోనప్పన్ కంటే ముందొచ్చే నీడ

ఓణం పది రోజుల్లో మొదటిదైన అత్తం నాడు తెల్లవారగానే సౌదామిని మొదటి వాయి అరటికాయ చక్రాలు నూనెలో వేసిందంటే, కుట్టిప్పాడంలో ఇంకెవరికీ పంచాంగంతో పని ఉండదు. కొబ్బరినూనె వాసన వీధి మలుపు తిరిగి రేషన్ దుకాణం దాకా వెళ్తుంది. ఆడవాళ్లు ముంగిట్లో పూల ముగ్గు మొదటి వరస పేరుస్తూ ఓణం వచ్చేసిందనుకుంటారు. మగవాళ్లూ అనుకుంటారు గానీ, ఒక్కసారి ముక్కు ఎగబీల్చి మళ్లీ పడుకుంటారు.

సౌదామిని ఫోన్లో దుకాణం పెట్టి ఈ వేయించిన చక్రాలు, అంటే ఉప్పేరి, అమ్ముతుంది. బెంగళూరు, ముంబై, హైదరాబాదుల్లో ఉన్న మలయాళీలు ఏడాదంతా ఏం తిన్నా, పదో రోజైన తిరువోణం నాడు ఆకు చివర మాత్రం మన నేంద్రం కాయ ఉప్పేరి పడాల్సిందే. లేకపోతే వాళ్లకి పప్పులోకి కూడా చెయ్యి వెళ్లదు. అందుకని ఈ పది రోజుల్లో సౌదామిని మిగతా ఏడాదంతా అమ్మినదానికంటే ఎక్కువ అమ్ముతుంది. ఆమె భర్త గంగాధరన్ కాయల తొక్క తీస్తాడు. మాట్లాడడు. మాట్లాడే అవకాశం ఆ ఇంట్లో అతనికి ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

వేయించడం సౌదామిని పని. చేర్చడం కొరియర్ లోనప్పన్ పని. రోజూ పదింటికల్లా లోనప్పన్ నీడ ఆ ఇంటి గేటు దాటి వచ్చేది. నీడ ఇవాళ వచ్చిందంటే మనిషి రేపు అదే వేళకి వస్తాడు. లోనప్పన్‌కి పుట్టినప్పటి నుంచీ అంతే, నీడ ఒకరోజు ముందు నడుస్తుంది. ఊళ్లో అందరికీ అది సౌకర్యంగా ఉండేది. నీడ గుమ్మంలోకి వస్తే రేపు పార్సిలు ఉందని తెలిసి, ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకునేవారు. కుక్కలు ఆ ముందురోజే మొరిగి అలసిపోయేవి కాబట్టి మనిషిని ఏమీ అనేవి కావు.

ఆ నీడ వెళ్లిన చోటికి లోనప్పన్ వెళ్లకుండా ఉన్నది లేదు. పెళ్లికాని రోజుల్లో ఓసారి అది ఏల్యమ్మ వాళ్ల వరండాలో కూర్చుని టీ తాగుతూ కనబడింది. తాను పెళ్లే చేసుకోనని శపథం పట్టి ఉన్న లోనప్పన్ ఆ సాయంత్రమే తెల్ల చొక్కా ఉతుక్కున్నాడు. ఇంకోసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కనబడింది. చచ్చినా వెళ్లనన్నాడు. తెల్లారేసరికి దవడ పనసకాయంత అయింది.

ఇంత మంచి ఏర్పాటు నిరుడు ఓణానికి చెడింది. ముంబైకి వెళ్లిన ఉప్పేరి పొడిపొడిగా చేరింది. ఒకావిడ ఆ పొడి ఫోటో తీసి, దాని పక్కన ఒక చెంచా పెట్టి, సౌదామిని దుకాణం కింద అంటించింది.

"మీ బండి కొరియర్ బండి కాదు చేట్టా, పిండిమర," అంది సౌదామిని, కోపంలోనూ అన్న వరస వదలకుండా.

"నీ పెట్టెలు అట్టతో చేసినవి కావు సౌదామినీ, అప్పడాలతో చేసినవి," అన్నాడు లోనప్పన్.

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే ఇద్దరికీ కోపం వచ్చింది. మర్నాటి నుంచి సౌదామిని పట్నం కంపెనీ ఒకదానికి పార్సిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లది నీలం చొక్కా, ఫోన్లో నొక్కితే వచ్చే బండి. లోనప్పన్ బ్రాంచిలో ఇక బరువు తూచడానికి కాటా ఉంది గానీ దాని మీద ఎక్కే పార్సిలే లేదు. ఏ రోజూ ఎక్కడికీ వెళ్లే పని లేక, నీడ కూడా అందరి నీడల్లాగే అతని కాళ్ల దగ్గర పడి ఉండటం మొదలుపెట్టింది. భార్య ఏల్యమ్మకి తలకొట్టేసినట్టయింది. "మామూలు మనిషి నీడలా పడుంది చూడు," అని, చుట్టాల కంట పడకుండా తలుపు వేసేది.

ఈ ఏడు ఓణం దగ్గరపడేసరికి లోనప్పన్ కంపెనీ పైవాళ్లు కబురు పెట్టారు. పండగ సరుకు లేకపోతే బ్రాంచి మూసేస్తాం అన్నారు. ఆ మాట విన్న బ్రాంచి గది యజమాని ఓణం తర్వాత గది సెల్‌ఫోన్ కొట్టుకి ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు. ఊరికి ఇంకో చిక్కు వచ్చింది. ఇక్కడి నుంచి వెళ్లే సరుకు లేనిదే కొరియర్ వ్యాను ఘాటు రోడ్డు ఎక్కి రాదు. వ్యాను రాకపోతే ఊరంతా ఫోన్లలో తెప్పించుకున్న ఓణం కొత్త బట్టలు త్రిశూర్ గోదాములో అలా ఉండిపోతాయి.

నాలుగో రోజు, విశాఖం నాడు పొద్దున సౌదామిని ఫోను మోగింది. పట్నం కంపెనీ నుంచి మెసేజీ. 'పండగ రద్దీ వల్ల మీ ప్రాంతంలో పార్సిళ్లు తీసుకోవడం ఆపాము. మీకు ఓణం శుభాకాంక్షలు.' కింద పూల ముగ్గు బొమ్మ ఒకటి.

సౌదామిని ఆ ముగ్గు వైపు చాలాసేపు చూసింది. వరండా నిండా పెట్టెలు. మంచం కింద పెట్టెలు. తిరువోణం దాటాక ఉప్పేరి ఎవరికి కావాలి? కొన్నవాళ్లంతా తలా ఒక్క నక్షత్రం పడేస్తారు. ఆమె దుకాణం ఫోన్లో ఎవరి వేలూ చేరనంత అడుక్కి జారిపోతుంది. పొయ్యి దగ్గర ఆమెతో పాటు వేయించే ఆడవాళ్లకి వచ్చే ఏడు పొయ్యే ఉండదు.

"మోళే," అంది కూతుర్ని పిలిచినట్టు అత్తగారు కల్యాణియమ్మ, "దేవుడి గదిలో కూడా పెట్టెలు పెట్టేశావు. ఇక కృష్ణుడు పెట్టె మీదెక్కి వేణువు వాయించుకోవాలి."

"ఉండండమ్మా, నా బాధ నాది."

"నీ బాధ నీది కాదు. నా మంచం కింద ఉంది."

ఈ సంగతి రేషన్ దుకాణం సుగతన్‌కి ఎలా తెలిసిందో తెలియదు గానీ, సౌదామిని ఫోను పక్కన పెట్టేలోపే గేటు దగ్గర ఉన్నాడు.

"చేచ్చీ, మీ ఇద్దరి పంతం నాకెందుకు. కానీ నేను తెప్పించుకున్న పట్టంచు పంచె, కొత్త ముండు, త్రిశూర్ గోదాములో ఉంది."

"మీకు పాత ముండు లేదా?"

"ఉంది. అది కట్టుకుంటే మా ఆవిడ నా పక్కన ఫోటో దిగనంటోంది."

"ఈ పండక్కి మీకు కాస్త ప్రశాంతత అన్నమాట. వెళ్లండి."

"పోనీ, నా ఆటోలో పెట్టెలు త్రిశూర్ తీసుకెళ్తా."

"బ్రాంచి ముద్ర లేని పెట్టెని గోదాములో ముట్టుకోరు. తెలిసి అడుగుతారేం?"

ముద్ర లోనప్పన్ బల్ల సొరుగులో ఉంది. సుగతన్ నేరుగా అక్కడికి వెళ్లాడు. "ఆవిడకి పట్నం బండి రావడం లేదట," అన్నాడు.

"అయ్యో పాపం," అన్నాడు లోనప్పన్, ముఖమంతా వెలిగిపోతూ.

"వెళ్లి ఆ పెట్టెలు తెచ్చుకోరాదూ?"

"పిలిస్తే వెళ్తా. నా బండిని పిండిమర అన్న నోటితోనే పిలవాలి."

సుగతన్ వెనక్కొచ్చి ఆ మాట చెప్పాడు. "నా పెట్టెల్ని అప్పడాలన్న మనిషి తనే రావాలి," అంది సౌదామిని. ఆ పూటంతా సుగతన్ అటూ ఇటూ తిరిగాడు. రెండు ఇళ్లలోనూ టీ దొరికింది కాబట్టి అతనికి పోయిందేమీ లేదు. ఊరికి మాత్రం ఆ రోజు అలా పోయింది.

మర్నాడు, అనిళం నాడు పదింటికి సౌదామిని ముంగిట్లో ముగ్గుకి కొత్త వరస చేరుస్తోంది. బంతిపూల రేకుల మీదికి చల్లగా ఏదో వచ్చింది. మబ్బనుకుంది. మబ్బుకి బట్టతల ఉండదు, చెవులు అంతంత ఉండవు. లోనప్పన్ నీడ ముగ్గు తొక్కకుండా పక్కకి తప్పుకుని వరండా ఎక్కింది.

"అమ్మా!" అని కేకేసింది సౌదామిని. "వచ్చింది! పిలవకుండానే వచ్చింది!"

పొయ్యి దగ్గర ఆడవాళ్లు గరిటెలతో సహా పరిగెత్తుకొచ్చారు. ఆ వాయి మాడిపోయింది. దాన్ని తర్వాత గంగాధరనే తిన్నాడు. గోడ అవతల తలలు లేచాయి. ఆ నీడ ఎవరినీ పట్టించుకోలేదు. మొదటి పెట్టె నీడని రెండు చేతులా ఎత్తి, గుండెకి ఆనించుకుని, పసిబిడ్డని తీసుకెళ్లినట్టు గేటు దాకా తీసుకెళ్లి దింపింది.

సౌదామినికి సంగతి తెలిసిపోయింది. రేపు ఈ మనిషి పెట్టెల్ని విసరడు.

నీడ రెండో పెట్టె దగ్గర వంగింది. మూల మీద బొటనవేలు పెట్టి నొక్కింది. మూల లోపలికి పోయింది. నీడ తల అడ్డంగా ఊపి, ఆ పెట్టెని వదిలేసి మూడోదాని దగ్గరికి వెళ్లింది. అదీ నొక్కింది, అదీ వదిలేసింది. అలా వరండా అంతా తిరిగి, గట్టిగా ఉన్న నాలుగైదు పెట్టెలు మాత్రం మోసి, నుదురు తుడుచుకుని వెళ్లిపోయింది.

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"అప్పడాలే," అంది కల్యాణియమ్మ, సానుభూతిగా.

సౌదామిని ముఖం కందగడ్డ అయింది. నిరుడు తను ఖర్చు తగ్గుతుందని పల్చటి అట్ట తెప్పించిన మాట ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీడ ఊరందరి ముందూ నొక్కి చూపించింది. ఒక్క క్షణం ఆమెకి తలుపులేసుకోవాలనిపించింది. తర్వాత కొంగు బిగించింది.

"సుగతన్ చేట్టా! మీ ఇంట్లో టీవీ అట్టపెట్టె ఉందా?"

సుగతన్ తెల్లబోయాడు. కుట్టిప్పాడంలో టీవీ పాడైనా పారేస్తారు గానీ, అది వచ్చిన పెట్టె పారేయరు. అటక మీద, ప్లాస్టిక్ కప్పి, మనవల కోసం దాస్తారు.

"అది... ఎప్పుడైనా ఇల్లు మారితే..."

"మీ తాత కట్టిన ఇంట్లో ఉన్నారు మీరు. ఎక్కడికి మారతారు? ముండు కావాలా వద్దా?"

అరగంటలో అటకలు దిగాయి. టీవీ పెట్టెలు, ఫ్రిజ్ పెట్టెలు, ఎప్పుడో కాలిపోయిన మిక్సీల పెట్టెలు తలల మీద పెట్టుకుని జనం వచ్చేశారు. కత్తిపీటలతో అట్ట కోశారు. ప్రతి పెట్టెకీ లోపల రెండో గోడ పెట్టారు. సందుల్లో ఎండుటరటాకు కూరారు. టేపు చప్పుడుకి కాకులు చెట్లు దిగలేదు. తన ఫ్రిజ్ పెట్టె కోస్తుంటే పోస్టుమాస్టరు భార్య ముఖం తిప్పుకుంది. గంగాధరన్ ఒక పెట్టె మీద నిలబడి చూశాడు. పెట్టె కుంగలేదు.

"గట్టిగానే ఉంది," అన్నాడు. ఆ ఏడాది అతను అన్న మొదటి మాట అదేనని కొందరంటారు.

అదే వేళకి బ్రాంచిలో లోనప్పన్ కాళ్ల కిందికి చూసుకుని లేచి నిలబడ్డాడు. అక్కడ నీడ లేదు.

"ఏల్యా! ఎక్కడికెళ్లింది అది?"

"ఎక్కడికెళ్లాలో అక్కడికే," అంది ఏల్యమ్మ. ఆవిడ అప్పటికే వరండాలో నిలబడి, దారిన పోయే ప్రతివాళ్లకీ చెబుతోంది.

"నేను వెళ్లను. ఆవిడ పిలవలేదు."

"దవడ వాచినప్పుడూ ఇలాగే అన్నారు. పోయి బండి టైర్లలో గాలి చూసుకోండి."

మర్నాడు, త్రికేట్ట నాడు పదింటికి లోనప్పన్ గేటు తీశాడు. ముగ్గు తొక్కకుండా తప్పుకున్నాడు. ఊరు ఊరంతా గోడల మీద ఉంది.

"పిలవకుండా వచ్చారే," అంది సౌదామిని.

"నేనెక్కడొచ్చాను? నిన్న నా నీడ ఇటొచ్చిందన్నారు. వెతుక్కుంటూ వచ్చా."

"దొరికిందా?"

"లేదు. వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పోవడమెందుకని..." అంటూ మొదటి పెట్టె మీద వంగాడు. మూల మీద బొటనవేలు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఇంకో పెట్టె నొక్కాడు. ఎక్కడా లోపలికి పోలేదు. లోనప్పన్ ముఖంలో కాస్త నిరాశ కనబడిన మాట నిజం.

"ఈసారి అప్పడాలు గట్టిగా చేశావు."

"ఈసారి మర మెల్లగా తిప్పండి."

లోనప్పన్ ఒక్కో పెట్టె గుండెకి ఆనించుకుని మోశాడు. సౌదామిని చిరునామాలు చదివింది. బెంగళూరు, ముంబై, చెన్నై, హైదరాబాదు. ముద్ర ఠపీ ఠపీమని పడుతుంటే ఆమెకి చెండ డోళ్ల మేళం విన్నట్టుంది. సరుకు నిండుగా ఉందని తెలిసి త్రిశూర్ వ్యాను ఘాటెక్కి వస్తున్న హారన్ వినబడింది. అంతలో ఊరి అవతలి కొస నుంచి అరుపు.

"నీడ మా ఇంటికొచ్చింది!"

"మా ఇంటికీ వచ్చింది! చేతిలో పొట్లం ఉంది!"

లోనప్పన్ రేపు కొత్త బట్టలు పంచబోతున్నాడు. ఊరు గోడలు దిగి ఇళ్లకి పరిగెత్తింది. సుగతన్ అందరికంటే ముందు పరిగెత్తాడు. పాత ముండు జారిపోతున్నా ఆగలేదు.

మర్నాడు, మూలం నాడు బట్టలు వచ్చాయి. తిరువోణానికి ముందురోజు ఉత్రాడం మధ్యాహ్నం నుంచి సౌదామిని ఫోను ఆగకుండా మోగింది. పెట్టె చేరిందని ఒకరు, చక్రం ఒక్కటి విరగలేదని ఒకరు. నిరుడు చెంచా పెట్టిన ముంబై ఆవిడ ఈసారి ఉప్పేరి పక్కన మనవణ్ణి కూర్చోబెట్టి ఫోటో పంపింది. అయిదు నక్షత్రాలూ ఇచ్చి, పెట్టె చాలా బాగుంది, టీవీ కూడా వస్తుందనుకున్నాం అని రాసింది.

లోనప్పన్ పైవాళ్లు బ్రాంచి మూయడం లేదని చెప్పారు. అయితే గది మాత్రం పోయింది. సెల్‌ఫోన్ కొట్టువాడు అప్పటికే రంగులు వేయిస్తున్నాడు. తిరువోణం మర్నాటి నుంచి కాటా ఎక్కడ పెట్టుకోవాలో లోనప్పన్‌కి తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగే మనిషి కాదు.

తిరువోణం నాడు భోజనాలయ్యాక, ఆకులు పారేద్దామని పెరట్లోకి వెళ్లిన సౌదామిని ఖాళీగా ఉన్న పశువుల కొట్టం ముందు ఆగింది. లోపల గోడ వారన లోనప్పన్ నీడ కూర్చుని ఉంది. ముందు కాటా నీడ. చేతిలో ముద్ర. నీడ తాపీగా టీ ఊదుకుంటోంది.

సౌదామిని ఆకులు కింద పెట్టి, చీపురు తెచ్చి కొట్టం ఊడ్చింది. ఊడ్చాక నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"అక్కడ కాదు చేట్టా," అంది. "అది నూనె డబ్బాలు పెట్టే చోటు. కొంచెం అటు జరగండి."

నీడ కాసేపు మొండిగా కదలకుండా కూర్చుంది. తర్వాత కాటా ఎత్తుకుని జరిగింది.