గేటుకు ఏడుగురు కాపలా

బన్సీలాల్‌పేట్‌లో మా అపార్ట్‌మెంట్ గేటుకు ఏడుగురు కాపలా. నవ్వకండి, నేను లెక్కపెట్టాను. బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయా మిరపకాయల దండ, నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ, గుర్రపు నాడా, మూడో అంతస్తు ప్రిసిల్లా పెట్టిన శిలువ, షఫీ వాళ్లు అంటించిన ఖురాన్ వాక్యం ఆయతుల్ కుర్సీ, మా అధ్యక్షుడు రాఘవేందర్ గారు ఇస్తాంబుల్ టూరు నుంచి తెచ్చిన నీలం గాజుకన్ను. ఏ దిష్టి ఏ భాషలో వస్తుందో తెలియదు కాబట్టి అన్నిటికీ జవాబు ఉండాలట.

ఇక బాలమ్మ. మెట్ల కింది గదిలో పదకొండేళ్లుగా ఉంటోంది. గేటు చూసుకునేది ఆవిడే, ఆ ఏడుగురినీ చూసుకునేదీ ఆవిడే. దుమ్ము దులుపుతుంది, శనివారం నిమ్మకాయలు మారుస్తుంది, అమావాస్యనాడు పొద్దు పొడవకముందే గుమ్మడికాయకు పసుపు రాసి కడుతుంది.

మొన్న ఆదివారం మీటింగ్ పెట్టారు. రంగులు వేశాక గేటు మీద ఏ రక్షకుడు ఎక్కడ ఉండాలన్నది మొదటి విషయం. దాని మీద రెండు గంటలు కొట్టుకున్నారు. నీలంకన్ను నట్టనడుమ ఉండాలని రాఘవేందర్ గారు, శిలువకు పైన గుర్రపు నాడా ఏమిటని ప్రిసిల్లా. అబ్బో, అందరూ మహా చదువుకున్నవాళ్లే! రెండో విషయం బాలమ్మ. కెమెరాలు వస్తున్నాయి, వాటి మిషన్ పెట్టడానికి ఆ గది కావాలి, ఆవిడ వెళ్లిపోవాలి. ఇది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. షఫీ భార్య మెహనాజ్ ఒక్కతే వద్దంది.

చేతులెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. పోయినేడు స్టవ్ మీద పాలు మరిచి మోండా మార్కెట్‌కి పోతే, మాడువాసన పసిగట్టి, నేను తన దగ్గర ఉంచిన తాళంచెవితో తలుపు తీసి గ్యాస్ కట్టేసింది బాలమ్మే. పదిమందిలో కాదనడానికి నాకు నోరు రాలేదు. సిగ్గులేని చెయ్యి మాత్రం లేచింది.

ఆవిడ వెళ్లేరోజే అమావాస్య వచ్చింది. కొత్త గుమ్మడికాయ కట్టి పొమ్మన్నారు రాఘవేందర్ గారు, మొహమాటమైనా లేకుండా. ఇంకెవరికీ ఆ ముడి వెయ్యడం రాదట. బాలమ్మ స్టూలెక్కి, ఎప్పటిలాగే శ్రద్ధగా కట్టి దిగింది.

జనగామలో చెల్లెలి దగ్గరికి ప్రయాణం. మెహనాజ్ ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి ఆవిడ దండచేతికి ఇమాం జామిన్ కట్టింది. ఊరికి పోయేవాళ్లకు రక్షగా కట్టడం వాళ్ల ఆచారం. క్షేమంగా చేరాక ఆ రూపాయి దిక్కులేనివాళ్లకు ఇచ్చెయ్యమని చెప్పింది. అప్పుడే నేను పాపం కడుక్కోవడానికి రెండు పాత చీరలు పట్టుకుని దిగాను.

బాలమ్మ చీరలు ముట్టలేదు. పంటితో ముడి విప్పి, రూపాయి తీసి, మా ఇంటి తాళంచెవితో కలిపి నా అరచేతిలో పెట్టింది. ఖాళీ గుడ్డను మెహనాజ్‌తో మళ్లీ దండచేతికే కట్టించుకుంది.

"నేను ఎట్లనన్న చేరుత గని, దిక్కులేనోళ్లకు ఇయ్యమన్నది గదా. మీరే ఉంచుకోండ్రి వసుధమ్మా," అంది. మూట ఎత్తుకుంటూ, "స్టవ్ మీద పాలు జెర యాది పెట్టుకోండ్రి," అంది. ఆ గొంతులో కోపం సుతరామూ లేదు. ఉంటే బాగుండేది.

ఏడుగురు కాపలాదారుల కింద నుంచి ఆవిడ బయటికి వెళ్లిపోయింది. నేను మెట్లెక్కి వచ్చి ముందు స్టవ్ చూశాను. ఆపే ఉంది. రూపాయి ఇంకా గుప్పిట్లోనే ఉంది.