పక్షికి ఎదురు బరువు

పొద్దున్న ఆరింటికి చెత్తక్క గేటు తీసేసరికి ఆ రోజు వచ్చిన సామాన్లు గోడ వెంట వరుసకట్టి ఉంటాయి. కాలు విరిగిన స్టూలు, చువ్వలు ఊడిన గొడుగు, మూత పోయిన కుక్కరు. ఏది ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో అడుగున అంటిన మట్టే చెబుతుంది. పాలు పోసే ఆయన వాటిని తప్పించుకుంటూ సైకిల్ ఆపి, "ఇవాళ మీకు చుట్టాలు ఎక్కువే" అంటాడు. పారేసినవన్నీ అలా రావు. సొంతదారు మనసులోంచి కూడా జారిపోయినవే వస్తాయి.

చెత్తక్క అన్న పేరు పెట్టింది ఆమె తమ్ముడే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎగతాళికి పెట్టాడు. ఆమె అదే పేరు రేకు మీద రాయించి గేటుకు తగిలించింది. ఆపాటి గుండె ఉండబట్టే కుక్కర్లనీ గొడుగుల్నీ కలిపి, చూసినవాళ్లు నోరెళ్లబెట్టే బొమ్మలు చేయగలిగిందని నా నమ్మకం. ఆమెకు రెండే నియమాలు. గుమ్మందాకా వచ్చినదాన్ని పొమ్మనదు. ఏ బొమ్మకూ జిగురు వాడదు, అన్నీ బోల్టులూ తీగలే.

"రేపు సొంతదారు వచ్చి అడిగితే విప్పి ఇవ్వాలి కదా" అంటుంది. ఇరవై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. అయినా ఆమె జిగురు డబ్బా కొనలేదు.

ఆ శుక్రవారం ఆమె బొమ్మల ప్రదర్శన ఉంది. పాత కిటికీ రెక్కలతో పెద్ద పక్షిని చేస్తోంది. తాడు లాగితే అది పైకప్పుదాకా ఎగరాలి. మూరెడు లేచి, ముక్కు నేలకేసి కొట్టుకుంటోంది.

సోమవారం వరుసలో ఒక తోలు సంచీ వచ్చింది. లోపల స్పానర్లు, స్క్రూడ్రైవర్లు. తమ్ముడిది. మంగళవారం అతని పని బూట్లు వచ్చాయి. ఆమె వెంటనే మరదలికి ఫోన్ చేసింది.

"పనిలోంచి తీసేసి నెలయింది వదినా. మీకు చెప్పొద్దన్నారు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటున్నారు."

"నేను రానా?"

"మీరొస్తే తలుపేసుకుంటారు."

సంచీని ఏ మూలో పడేయడానికి మనసొప్పక, పక్షి గుండె దగ్గర పెట్టి నాలుగు బోల్టులు బిగించింది. ఏడుస్తూనే బిగించింది. తర్వాత వచ్చేది ఏమిటోనని ఆ రాత్రి కన్ను మూయలేదు.

బుధవారం గేటు తీసేసరికి, వరుసలో ఒక బొంగురు రేడియో వెనక తమ్ముడు నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్లదాకా దుమ్ము. పాలాయన చూసి, అర లీటరు ఎక్కువ పోశాడు.

"లోపలికి రా" అంది. ఎందుకొచ్చావని అడగలేదు. వచ్చినవాటిని ఆమె ఆ మాట ఎన్నడూ అడగదు. అతన్ని పక్షి ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, తాడు లాగింది. పక్షి మూరెడు లేచి ముక్కు కొట్టుకుంది. మళ్లీ లాగింది. మూడోసారికి అతను నోరు విప్పాడు.

"ముక్కువైపే బరువంతా పెట్టావు. ఎదురు బరువేదక్కా? లిఫ్టుకైనా తాడు అవతలి కొసకి బరువు వేలాడాలి."

"నాకేం తెలుసు? నేను చెత్తక్కని కదా."

అతని మూతి ఓ పక్కకు కదిలింది. "ఆ సంచీ ఇటివ్వు."

ఇరవై ఏళ్లకు ఒకరు అడిగారు. నాలుగు బోల్టులు విప్పడానికి ఆమెకు పావుగంట పట్టింది.

అతను ఇంకో కప్పీ బిగించి, మూత పోయిన కుక్కరులో ఇసుక నింపి తాడు రెండో కొసకు కట్టాడు. మధ్యాహ్నానికి ఆమె చిటికెన వేలితో లాగితే పక్షి పైకప్పుదాకా లేచి అక్కడే ఆగింది. ఇద్దరూ మెడలు నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశారు.

"సంచీ మళ్లీ దాని గుండెలో పెట్టనా?" అంది మెల్లగా.

"వద్దు, నాకు కావాలి. మూల మీద మేడలో లిఫ్టు ఆగిపోయిందట, వస్తుంటే విన్నాను. వెళ్లి అడుగుతాను."

అతను సంచీ భుజానికి వేసుకుని గుమ్మం దాటేసరికి బూట్లు మెట్టు దగ్గరికి వచ్చి, వీధివైపు తిరిగి ఆగాయి. తొడుక్కుని, లేసులు కట్టుకుని వెళ్లాడు. ఆ గేటులోంచి బయటికి నడిచి వెళ్లిన వస్తువులు అప్పటిదాకా లేవు.

శుక్రవారం ప్రదర్శనకు వచ్చినవాళ్లు పక్షి గుండె దగ్గర నాలుగు ఖాళీ రంధ్రాలు చూసి, అక్కడేం ఉండేదని అడిగారు.

"మా తమ్ముడి సంచీ. అడిగాడు, ఇచ్చేశాను" అంది చెత్తక్క.