నవలలో లేని నాలుగు వాక్యాలు

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర పదహారేళ్లుగా కాపలా ఉండి, వచ్చేపోయేవాళ్ల సంచులు వెతుకుతున్నాను. ఎవరైనా మరీ నవ్వుతూ ఎదురొస్తే వాళ్ల సంచి రెండుసార్లు చూస్తాను. కుట్టుపనివాళ్లు నాకు ఎక్స్‌రే అని పేరు పెట్టారు, నాకు వినబడదనుకుంటారు పాపం. మా బావమరిదైతే, "బావా, అద్దంలో నిన్ను నువ్వు చూసుకున్నా గేట్‌పాస్ అడుగుతావేమో" అంటాడు. అననివ్వండి.

అందుకని మా ఆవిడ నోటుపుస్తకం తెరిచానంటే తప్పు నాది కాదు, అలవాటుది. తను కంటి ఆసుపత్రిలో వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఉద్యోగం చేస్తుంది. ఈమధ్య కౌన్సెలింగ్ కోర్సులో చేరింది. చేరినప్పటినుంచీ నేను కసిరితే ఎదురు చెప్పడం మానేసి, "మీకు కోపం ఎందుకొచ్చింది?" అని నెమ్మదిగా అడుగుతోంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నోటుపుస్తకంలో ఇలా ఉంది: "అతను ఎవర్నీ నమ్మడు. ఇంటికి వచ్చినా కాపలా మానడు. భార్య పెట్టె వెతుకుతాడు. ఈ ఇంట్లో ఆమె ఎదగలేదు. వెళ్లిపోవడమే ఆమెకు మిగిలిన దారి."

పోయిన నెలలో తన హ్యాండ్‌బ్యాగు వెతికింది నేనే. నన్ను వదిలేసి వెళ్లిపోతుందా? అడిగేస్తే పోయేది. అవునంటుందేమోనని భయం. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కూపీ లాగాను.

"ఏంటది, అంత శ్రద్ధగా రాస్తున్నావ్?"

"మాకు చదవమన్న నవల్లో వంతెన కాపలాదారు ఒకడున్నాడండీ. అతని మనసు ఎలాంటిదో రాసి తెమ్మన్నారు క్లాసులో."

వంతెన కాపలాదారట! ఇంతకంటే నేర్పుగా అబద్ధమాడేవాళ్లను గేటు దగ్గర రోజుకు పదిమందిని చూస్తాను.

నా సెలవు రోజున తను ఆసుపత్రికి వెళ్లగానే ఆ నవలనూ నోటుపుస్తకాన్నీ వంటింటి బల్లమీద పక్కపక్కన పెట్టుకున్నాను. గేట్‌పాసుతో సరుకు సరిచూసినట్టే, తను రాసిన ప్రతి వాక్యానికీ నవలలో ఆధారం వెతికాను. నోటుపుస్తకంలో ముందు రెండు పేజీలూ సిద్ధాంతం. ఎదగాలన్న కోరిక ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఉంటుందట. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా, ఏ షరతూ పెట్టకుండా ఆదరించే మనిషి ఒక్కరు దొరికితే, ఎంతటి మొండివాడైనా మారతాడట. షరతుల్లేని ఆదరణ! గేటు దగ్గర అలా ఆదరిస్తే సాయంత్రానికి కుట్టుమిషన్లు కూడా మిగలవు.

కానీ చదివేకొద్దీ అన్నీ సరిపోతూ వచ్చాయి. కాపలాదారు నిజంగానే ఉన్నాడు. పెట్టె వెతకడమూ ఉంది. ఆఖరి అధ్యాయంలో భార్య వంతెన దాటి వెళ్లిపోవడమూ ఉంది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. వెళ్లిపోయేది నవల్లో ఆవిడ, మా ఆవిడ కాదు.

నాలుగు వాక్యాలు మాత్రం ఎంత వెతికినా నవలలో దొరకలేదు. "చిన్నప్పుడు బడిలో వాచీ పోతే ఇతన్ని అనుమానించి, అందరి ముందూ జేబులు తిరగేశారు. ఇతను ఏ తప్పూ చేయలేదు. మళ్లీ ఆ అవమానం పడకూడదనే ఇప్పుడు అందరి సంచులూ తనే ముందు వెతుకుతున్నాడు. తనను వెతక్కుండా నమ్మే మనిషి ఇతనికి ఒకరుండాలని ఆమె ఇంకా ఇక్కడే ఉంది, ఎన్నాళ్లు ఉండగలదో తెలియదు."

పెళ్లయిన కొత్తలో ఆ బడి సంగతి తనకు చెప్పింది నేనే. ఒళ్లు మండిపోయింది. నా బతుకు తీసుకెళ్లి ఎవడో కాపలాదారుకు అంటగడుతుందా! కాసేపటికి కోపం దిగింది. రెండో వాక్యాన్ని మాత్రం మళ్లీ చదవలేకపోయాను.

సాయంత్రం తను వచ్చి నోటుపుస్తకం తెరిచింది. పేజీల నిండా ఎర్ర పెన్సిలు టిక్కులు. సరిపోయిన ప్రతిదానికీ టిక్కు పెట్టడం నా చేతికి అలవాటు. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అన్నీ సరిపోయాయా?" అంది. గొంతులో కోపం లేదు. దానికే భయమేసింది.

"నాలుగు సరిపోలేదు."

"అవి నవల్లో లేవండీ. మా మేడమ్ ఒప్పుకోరేమో కూడా. కానీ అవి లేకపోతే అతను నాకు అర్థం కావడం లేదు. కొట్టేయమంటారా?"

కొట్టెయ్ అంటే అక్కడితో పోయేది.

"రెండోది తప్పు," అన్నాను.

"ఏది?"

"ఏ తప్పూ చేయలేదన్నది. ఆ వాచీ నేనే తీశాను. నా జేబులు తిరగేసేలోపు పక్కవాడి సంచిలో పడేశాను. వాణ్ణి కొట్టారు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. ఏమీ ఎరగనట్టు మొహం ఎలా పెట్టాలో నాకు తెలుసే. అందుకే ఎవరి మొహాన్నీ నమ్మను."

తను కుర్చీలో కూలబడింది. తర్వాత నా పెన్సిలు తీసుకుని రెండో వాక్యం కొట్టేసింది. మూడోదీ కొట్టేసింది. నాలుగో దాని దగ్గర పెన్సిలు ఆగింది.

"ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అంది.

"తెలీదు."

"వెతకండి," అంది.

పెన్సిలు బల్లమీద పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి లేచింది. నాలుగో వాక్యాన్ని అలాగే ఉంచింది, ఎన్నాళ్లు ఉండగలదో తెలియదన్న మాటతో సహా.