గోడ దాటిన పెట్ట

గుట్టకిందపల్లెలో నబీ సాబ్ కత్తి పెట్టకుండా ఏ ఇంట్లోనూ కోడికూర ఉడకదు. సాయిబుల ఇళ్లేమిటి, కాపులు, కురుబలు, బోయలు అందరిదీ అదే పద్ధతి. ఆయన బిస్మిల్లా చెప్పి గొంతు తెంపితేనే అది తినే కోడి. దీనికి కూలి అంటూ లేదు. తలకాయ, కాళ్లు, పేగులు ఆయనవి. తలలూ కాళ్లూ భార్య మేరాజ్ బీ పులుసు పెట్టేది, పేగులు ఆయన తన పెరట్లోని కోళ్లకు పోసేవాడు.

ఆ పెరటి కోళ్ల వల్లే చుట్టుపక్కల ఊళ్లలో నబీ సాబ్‌కు పేరు. తాతల నాటి కాకి జాతి, ముక్కు మొదలు గోళ్ల దాకా నలుపు. ఏడాది తిరగందే ఒక్కదాన్నీ కోయడు, కోయనివ్వడు. పగలంతా అవి బీళ్లలో మిడతలు ఏరుకుని తింటాయి. కోడిపిల్లలకైతే ఆయన పాతకుండలో పేడా గడ్డీ కుక్కి పుట్ట పక్కన బోర్లించి, పొద్దున్నే దాన్నిండా పట్టిన చెదలు తెచ్చి దులుపుతాడు. అలా పెరిగిన కోడి ముక్క పళ్లకు పని చెబుతుంది, దాని పులుసు సంగట్లో పోసుకుంటే వేళ్లు అతుక్కుంటాయి. గుంతకల్లు నుంచి రైల్వే ఆఫీసర్లు మనుషులను పంపి మరీ తెప్పించుకునేవారు. వేరే రంగు పుంజు పెరట్లోకి తొంగిచూస్తే చాలు, నబీ సాబ్ కర్ర అందుకునేవాడు. కూతురికి సంబంధం చూసేటప్పుడు కూడా ఆయన అంత ఆరా తీయలేదని మేరాజ్ బీ దెప్పుతుండేది.

అది పందొమ్మిది వందల యాభై రెండు ఎండాకాలం. వానలు మొహం చాటేసి ఏళ్లయింది. జనం చెంబులు పట్టుకుని గంజి కేంద్రం ముందు నిలబడుతున్నారు. అంత కరువులోనూ ఆయన జాతి పెట్టల మీద కత్తి ఎత్తలేదు. అప్పుడు పక్కూళ్లో కొక్కెర రోగం దిగింది. అది తగిలిన కోడి మెడ మెలితిప్పుకుని, పచ్చగా పారి, రెండో రోజుకు చస్తుంది. చచ్చేలోపు కోసుకుంటే కూరన్నా దక్కుతుందని ఆ ఊరు ఊరంతా నబీ సాబ్‌ను పిలిపించింది. ఒక్క పగటిలో అరవై కోళ్లు కోశాడు. పేగులన్నీ పంచెలో మూటగట్టి తెచ్చి తన కోళ్లకు పోశాడు. కరువులో వాటికి పండగ దొరికిందని సంబరపడ్డాడు కూడా, పాపం.

ఐదో రోజు పొద్దున పుంజు కూయలేదు. ఎనిమిదో రోజుకు పందొమ్మిది కోళ్లు పోయాయి. సగం చచ్చాయి, సగం ఆయనే కోసి ఊరికి పంచేశాడు. ఆ ముక్క ఆయన గొంతు దిగలేదు.

మిగిలింది ఒక్క పెట్ట. లోపలి గదిలో, ఇసుక పోసిన గంపలో, పదకొండు గుడ్ల మీద పన్నెండు రోజులుగా కూర్చుని ఉంది. ఇంకో తొమ్మిది రోజులు అది బతికి, గుడ్లు నిలబడితే జాతి ఉంటుంది. లేకుంటే తాత పెంచిందంతా ఈ ఎండాకాలంతో సరి.

"ఇది ఎందుకు బతికిండాదో తెలుసునా?" అంది మేరాజ్ బీ.

"అల్లా దయ."

"దయ సరే. ఆ దినం నువ్వు పేగులు పోసినప్పుడు ఇది గుడ్ల మీదనుంచి దిగలే. దిగి తిన్నెవన్నీ సచ్చినాయి. రోగం గాల్లో రాలే. నీ పంచెలో వచ్చింది."

నబీ సాబ్ కయ్యిమని లేచాడు. లేచినవాడు మళ్లీ కూలబడ్డాడు. తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆమె చెప్పింది నిజమని ఆయనకు తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఊరిపెద్ద శ్రీరంగప్ప పదిమందిని వెంటేసుకుని నబీ సాబ్ పెరటి గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా సాబూ, మా కోళ్లు గూడా మెడలు వాలుస్తాండాయి. కత్తి తీసుకోని రా."

"నేను రాలేనన్నా. ఇంట్లో పెట్ట గుడ్ల మీదుండాది. ఆ రోగం నా చేతుల మీద మళ్లా ఇంటికొస్తాది."

"పిల్లోళ్లు గంజినీళ్లు తాగి తాగి యాష్టకొచ్చినారు. నువ్వు కోయకుంటే ఆ కోళ్లను గుంత తీసి పూడ్చల్ల. నీ ఒక్క కోడి కోసం ఊరి నోట్లో మన్ను కొడ్తావా?"

నబీ సాబ్ భార్య వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్లి కత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పో. గుడ్లు పగిలి పిల్లలు లేసేదాకా ఈ గడప తొక్కొద్దు."

ఆ రోజు నుంచి ఆయన మకాం పీర్ల చావిడిలో. ఇల్లిల్లూ తిరిగి కోశాడు. మేరాజ్ బీ పెరడంతా గీరి ఊడ్చి, చెత్త తగలబెట్టి, సున్నం చల్లింది. రోజూ మధ్యాహ్నం గోడ బయటి బండ మీద సంగటి పెట్టి లోపలికి పోయేది. అప్పుడు ఆయన వచ్చి, దూరం నుంచే కేకేసి అడిగేవాడు. పెట్ట దిగిందా, గింజలు తినిందా, మళ్లీ ఎక్కిందా.

ఇంకా నాలుగు రోజులుందనగా, ఆయన చొక్కా నిండా నెత్తురూ ఈకలతో బండ దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే అడిగాడు.

"ఈ పొద్దు దిగిందా?"

దిగింది. పెరట్లో మట్టిస్నానం చేస్తోంది. పిల్లగా ఉన్ననాటి నుంచి ఆ గొంతు విని ఆయన చేతిలో చెదలు తిన్న కోడి. ఒక్క ఎగురుతో గోడెక్కి, బయటికి దూకి, కొక్కొక్కొమంటూ ఆయన మీదికి పరుగెత్తుకొచ్చింది.

"ముట్టొద్దు!" లోపల మేరాజ్ బీ కేక పెట్టింది.

నబీ సాబ్ వెనక్కి పరుగెత్తాడు. పెట్ట ఇంకా వేగంగా వచ్చింది. "హుష్! పో!" అని అరిచాడు. అది ఆగి, మెడ వంచి చూసి, మళ్లీ అడుగేసింది. పది అడుగులు. ఎనిమిది. ఆయన వంగి రాయి తీశాడు. తన చేత్తో మేపిన దాన్ని, తనకు మిగిలిన ఒక్కదాన్ని, గురి చూసి కొట్టాడు.

రాయి రెక్కకు తగిలింది. పెట్ట గావుకేక పెట్టి గోడ మీదుగా పెరట్లోకి ఎగిరిపోయింది. నబీ సాబ్‌కు ఏడుపు ముంచుకొచ్చింది.

"గుడ్లెక్కిందా?"

"లే. రోలు సందులో దూరింది. గుడ్లు సల్లబడతాండాయి."

"నేను పిలుద్దునా?"

"నోరెత్తాకు! నీ గొంతింటే మళ్లా గోడెక్కుతాది, ల్యాకుంటే బెదిరి ఇంగా దూరం పోతాది. ఆడనుంచి పో."

సంగటి బండ మీదే వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి, మాట్లాడకుండా, గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. పెట్ట ఎక్కిందన్నట్టు మేరాజ్ బీ చెయ్యి ఎత్తింది. ఎంతసేపు చల్లబడ్డాక ఎక్కిందో అడగడానికి లేదు.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. మేరాజ్ బీ తల అడ్డంగా ఊపింది. ఇరవై రెండో రోజూ అంతే. ఊళ్లో అప్పటికి కోయడానికి ఒక్క కోడీ లేదు, తెల్లారితే కూసేందుకు ఒక్క పుంజూ లేదు. ఆ నిశ్శబ్దంలో నబీ సాబ్ చావిడి అరుగు మీద కూర్చుని, ఆ రాయి వేసిన చెయ్యి పడిపోయినా బాగుండునని తిట్టుకున్నాడు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ఆమె గుమ్మంలో నిలబడి ఒక చేతి అయిదు వేళ్లూ, రెండో చేతివి రెండూ చూపింది. ఏడు! నబీ సాబ్ అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

బట్టలు తగలబెట్టి, బూడిదతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, ఇంకో పదిహేను రోజులు ఆగి ఇంటికి వచ్చాడు, చెదల కుండతో. పెరట్లో పెట్ట, దాని చుట్టూ ఏడు నల్లటి పిల్లలు. గొంతుక్కూర్చుని "బో బో బో" అని పిలిచాడు. ఆ గొంతు వినగానే పెట్ట రెక్కలు విప్పి పిల్లలను తోసుకుంటూ రోలు వెనక్కి పోయి, ఒంటికంటితో ఆయన చేతినే చూసింది.

"మర్సిపోతాదిలే," అంది మేరాజ్ బీ.

"మర్సిపోకుంటేనే మేలు," అన్నాడు నబీ సాబ్, చెదల కుండ ఆమె చేతికిచ్చి.

పెట్ట ఇంకో నాలుగేళ్లు బతికింది. ఆ ఏడింటితో, వాటిలోని రెండు పుంజులతో పెరడు మళ్లీ నిండింది. నబీ సాబ్ కత్తి మళ్లీ ఊరంతా తిరిగింది, కానీ పేగులు ఊరి బయటే పూడ్చి వచ్చేవాడు. పెట్ట ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే చెదల కుండ తెచ్చి, గోడ బయటి బండ మీద పెట్టి, తన గొంతు దాని చెవిన పడకుండా, మేరాజ్ బీని పిలవకుండానే పక్కకు తప్పుకునేవాడు.