బంగాళదుంప ముక్క కింద

పెద్దింట్లమ్మ కుండీలో మట్టి మీద నొక్కిపెట్టిన బంగాళదుంప ముక్కను చెంచాతో లేపి, తిరగేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. పురుగు లేదు. గుప్పెడు ఎండు ఇసుక తీసి మట్టి మీద వేలెడు మందాన పరిచింది. ఇంకా నలభై కుండీలున్నాయి.

కడియపులంక నర్సరీలో ముప్ఫై ఏళ్లుగా ఆమె పని మట్టితోనే. గోళ్ల కింద నలుపు పెళ్లిళ్లకు వెళ్లినా వదలదు. చేతిలోని స్టీలు చెంచా ఒక పక్కకు అరిగి కొడవలిలా తిరిగింది. కొత్తది ఇస్తామన్నా తీసుకోదు.

వారం కిందట ఈ మనీప్లాంట్ కుండీల్లోంచి సన్న దోమలు లేచాయి. ఆకు నిగనిగలాడాలని యజమాని గణేష్‌బాబే రెండు పూటలా నీళ్లు పెట్టించాడు. తడారని మట్టిలో పురుగు పుట్టక ఏం చేస్తుంది? ఆ మాట ఆమె ఆయనతో అనలేదు. విషపు మందు పోయిస్తానని డబ్బా తెచ్చినప్పుడు మాత్రం అడ్డుపడింది. ఆ మట్టిలో చేతులు పెట్టేది తనూ, తనతో కూర్చునే ఆడవాళ్లూను. వారంలో పురుగు లేకుండా చేస్తానని మాటిచ్చింది. నీళ్లు ఆపించింది, మట్టిలో వేపపిండి కలిపింది, ఎరగా పెట్టిన దుంపముక్కలకు పట్టిన పురుగును రోజూ ఏరి పారేసింది. శుభ్రపడిన కుండీలో దోమ మళ్లీ గుడ్లు పెట్టకుండా పైన ఎండు ఇసుక పరుస్తోంది.

"లారీ మూడింటికి వచ్చేస్తుందమ్మా. ఒక్క పురుగు కనబడినా లోడు మొత్తం వెనక్కే," అన్నాడు గణేష్‌బాబు. మందు డబ్బా ఇవాళ మళ్లీ ఆయన చేతిలో ఉంది.

"ఆయ్, తెలుసండి. ముందు ఆ డబ్బా లోపలెట్టేసి రండి బాబుగారూ, చెయ్యి నొప్పెడతాది."

చివరి కుండీలో ముక్క కింద తెల్లగా ఒకటి కదిలింది. ఆమె దాన్ని తీసి నలిపేసి, కొత్త ముక్క పెట్టి, కుండీని పక్కకు జరిపి చెంచా అందులోనే గుచ్చింది.

"ఇది ఉంచెయ్యండి. రేపు నేను చూసుకుంటాను."

కొనడానికి వచ్చినాయన పది కుండీల మట్టి కెలికి చూసి, తల ఊపి, లోడు ఎక్కించమన్నాడు. పెద్దింట్లమ్మకు గర్వం పొంగుకొచ్చింది. దాచుకోనూ లేదు.

"చూశారా అండి!" అని, వేపపిండి బస్తాలకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది. తోటి కూలి వెంకటదుర్గ టీ తెచ్చి పిలిచేసరికి పెద్దింట్లమ్మ ప్రాణం పోయి ఉంది. ముఖం హాయిగా ఉంది.

మర్నాడు ఆమె కోసం నర్సరీ మూసి ఉంచారు. ఆ తర్వాతి రోజు గణేష్‌బాబు అలవాటు కొద్దీ నీళ్ల గొట్టం పట్టుకుని, ఆమె పక్కకు జరిపిన కుండీ దగ్గరకు వచ్చాడు. ఆగి, గొట్టం పక్కన పడేశాడు. మోకాళ్ల మీద కూర్చుని దుంపముక్క తిరగేశాడు. పురుగు లేదు. ఆయనకు ఏడుపు వచ్చింది. ఎండు ఇసుక తెచ్చి వేలెడు మందాన పరిచాడు, మట్టిలో గుచ్చి ఉన్న చెంచాను మాత్రం తియ్యలేదు.