ఊపిరి కుదుటపడే దాకా

రండర్రా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనక గుసగుసలాడేవాళ్లు ముందుకొచ్చేయండి. చెప్పులు తర్వాత వెతుక్కుందురు గాని.

ఒక వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు ఉండేది. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతే కొట్టు వాళ్ల పెద్దమ్మాయే చూసుకునేది, మనం అక్క అందాం. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి, చొక్కా మీద నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర మొదలుపెట్టి, చేతుల మీదుగా వీపుకు వచ్చేది. అయిన చొక్కాని వెంటనే మడిచేది కాదు. హ్యాంగరుకు తగిలించి ఆగేది. కాసేపటికి, ఆ చొక్కా తొడుక్కునేవాళ్ల ఊపిరి అందులోకి వచ్చి, జేబు దగ్గర గుడ్డ పైకీ కిందికీ ఆడేది. అది కుదుటపడ్డాకే మడత. ఆ వీధిలో ఎవరికీ అది వింత కాదు.

"నా చొక్కా అయిందా అమ్మాయ్?" అని పోస్టుమాన్ అడిగితే, "ఇంకా రొప్పుతోంది బాబాయ్. బీడీలు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాలి?" అనేది.

మూలన కొక్కేనికి మాత్రం ఒక నీలం చొక్కా వానాకాలం నుంచి వేలాడుతూనే ఉంది. దర్జీ అత్త కొడుకుది. పంక్చర్లు అతికించే జిగురు వాసనకు అలవాటుపడి, మిల్లు గోడకు చేరగిలబడి, కన్నతల్లి పిలిచినా పలకని స్థితికి వచ్చాడు వాడు. అత్త రోజూ సాయంత్రం వచ్చి, ఆ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టేది.

"వచ్చిందా అమ్మా?"

"ఇంకా లేదత్తా."

అంతే. వచ్చిన దారినే వెళ్లిపోయేది.

అక్కకు ఒక తమ్ముడు. నోటికి తాళం లేదు కనుక అందరూ పిచ్చుక అనేవాళ్లు. వాడి చొక్కా హ్యాంగరు మీద కూడా కుదురుగా ఉండేది కాదు. అలాంటిది, ఒక సాయంత్రం అది కదల్లేదు. పెట్టె చల్లారిందనుకుంది అక్క. బొగ్గులను విసనకర్రతో విసిరి మళ్లీ రుద్దింది. మళ్లీ రుద్దింది. కాలరు కమిలింది గాని, గుడ్డ ఉలకలేదు పలకలేదు. వేడికి దాని లోంచి సన్నగా జిగురు వాసన లేచింది.

అప్పుడు మూలనున్న నీలం చొక్కా మెల్లగా ఇటు తిరిగింది. గాలి లేదు. దాని ఖాళీ చెయ్యి లేచి, పిచ్చుక చొక్కా భుజం మీద స్నేహితుడి చెయ్యిలా వాలింది.

ఇంతలో పిచ్చుక బనీనుతో వచ్చాడు. "అక్కా, చొక్కా ఇవ్వు. మా జట్టువాళ్లు నాకోసం ఆగి ఉన్నారు."

"ఊపిరి రాలేదురా."

"రాకపోతే ఏం? అలాగే ఇచ్చెయ్."

"మన కొట్లో అలా ఇస్తామా?"

వాడు హ్యాంగరు వైపు చూశాడు. బయట ఈల వినపడింది. "ఏరా పిచ్చుకా, అక్క కొంగు వదలవా?"

వాడికి రోషం వచ్చింది. చొక్కా లేకుండానే గడప దాకా నడిచాడు. దాటేవాడే. ఎదురుగా దర్జీ అత్త లోపలికి వచ్చింది. ఆ మసక వెలుతురులో ఆమెకు చూపు ఆనలేదు. అలవాటుగా చెయ్యి చాచి, ఒక చొక్కా జేబు మీద పెట్టింది. అది నీలం చొక్కా కాదు, పిచ్చుకది.

"ఇంకా లేదు," అని తనలో తానే అనుకుని వెళ్లిపోయింది.

పిచ్చుక బొగ్గుల బస్తా మీద కూలబడ్డాడు. "రెండుసార్లే పీల్చాను అక్కా. వద్దంటే జట్టులోంచి తీసేస్తామన్నారు."

అక్క తిట్టలేదు. పెట్టె పక్కన పెట్టి, వాడి ముందు కూర్చుంది. "మొదటి నుంచి చెప్పు. నేను ఎక్కడికీ పోను."

వాడు చెప్పాడు. ఈల ఇంకోసారి వినపడి, తర్వాత దూరమైపోయింది. చెబుతూ చెబుతూ ఏడ్చాడు, పొలమారి దగ్గాడు. హ్యాంగరు మీద చొక్కా కూడా దగ్గింది. భుజం మీది ఖాళీ చెయ్యి జారిపోయింది.

జేబు కుదుటపడ్డాక అక్క మడవబోతే పిచ్చుక ఆపాడు. "రాత్రికి ఆ నీలం చొక్కా పక్కనే ఉండనీ అక్కా. పాపం, అతను ఒక్కడే ఉన్నాడు."

మర్నాటి నుంచి బడి వదలగానే వాడు నీలం చొక్కా పక్కన కూర్చుని, ఊళ్లో సంగతులన్నీ దానికి చెప్పేవాడు. వాడి జట్టు పిలిచీ పిలిచీ విసుగెత్తి మానేసింది.

నీలం చొక్కా ఏమైందంటారా? అత్త ఇప్పటికీ వస్తూనే ఉంది. మొన్న మాత్రం, జేబు మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదట.

ఇక లేవండి. అమ్మలు కంచాలు పెట్టుకుని చూస్తుంటారు, వేడిగా ఉండగానే తినండి. దారిలో ఎవరైనా ఈల వేసి పిలిస్తే, మా చొక్కా ఇంకా ఇస్త్రీలో ఉందని చెప్పండి.